నవంబరులో నన్ను కట్టేస్తారు

నేనొక ఫౌంటెన్‌ని. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, హంటింగ్టన్ అనే ఊళ్ళో, మార్షల్ యూనివర్సిటీ విద్యార్థి కేంద్రం ముందు నిలబడి ఉంటాను. 13 అడుగుల ఎత్తు, 6,500 పౌండ్ల బరువు. ఒళ్ళంతా కంచూ రాగి గొట్టాలే. నన్ను చేసినాయన హ్యారీ బెర్టోయా, ఇటలీలో పుట్టి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డవాడు. ఆయన ఇనుప తీగలతో చేసిన కుర్చీలు నాకంటే ఎక్కువ పేరు తెచ్చుకున్నాయి. ఆ కినుక నాకు లేకపోలేదు. అయినా ఆయన నన్ను సమాధిరాయిలా మలచలేదు, అందుకు రుణపడి ఉంటాను. పైకెగసి, విచ్చుకుని, మళ్ళీ జారిపోయే నీళ్ళలో చావు కాదు, బతుకు కనిపించాలని ఆయన పట్టుదల.

1970 నవంబరు 14, శనివారం. ఇక్కడి ఫుట్‌బాల్ జట్టు నార్త్ కరోలినా వెళ్ళి ఈస్ట్ కరోలినా యూనివర్సిటీతో ఆడి 17-14 స్కోరుతో ఓడింది. (ఫుట్‌బాల్ అంటే మీ ఊళ్ళో ఆడేది కాదు. కోలగా ఉండే బంతిని చంకలో పెట్టుకుని, అడ్డొచ్చినవాణ్ణి గుద్దుకుంటూ పరుగెత్తే ఆట.) మామూలుగా మావాళ్ళు విమానం ఎక్కేదే తక్కువ. ఆసారి సదరన్ ఎయిర్‌వేస్ వాళ్ళ డీసీ-9 అద్దెకు తీసుకున్నారు. తిరుగు ప్రయాణం. రాత్రి, వాన, పొగమంచు. పైలట్లకు ఎంత ఎత్తులో దిగాలో దారి చూపే గ్లైడ్ స్లోప్ సంకేతం అప్పటికి మా ఊరి ట్రై-స్టేట్ విమానాశ్రయంలో లేదు. రన్‌వే కంటబడకముందే విమానం ఉండాల్సిన ఎత్తుకన్నా కిందికి దిగి, కొండ మీది చెట్లను తాకి కూలిపోయింది. పరికరాలను చూసుకోవడంలో పొరపాటు జరిగిందో, ఎత్తు చూపే మీటరే తప్పు చూపిందో దర్యాప్తు బోర్డు తేల్చలేకపోయింది.

75 మంది ఎక్కారు. ఒక్కరూ దిగలేదు. 37 మంది ఆటగాళ్ళు, ఎనిమిది మంది శిక్షకులూ క్రీడా విభాగం సిబ్బందీ, 25 మంది ఊరి అభిమానులు, అయిదుగురు విమానం తాలూకు మనుషులు. ఊళ్ళో 70 మంది పిల్లలకు అమ్మో నాన్నో లేకుండా పోయారు. వాళ్ళలో 18 మందికి ఇద్దరూ లేరు.

రెండేళ్ళకు, 1972 నవంబరు 12న, నన్ను ఇక్కడ ఆవిష్కరించారు. అప్పటినుంచీ ఇదే నా కొలువు. ఏటా నవంబరు 14న జనం నా చుట్టూ చేరతారు. 75 పేర్లూ ఒక్కొక్కటే చదువుతారు. తర్వాత నా నీళ్ళు కట్టేస్తారు. మళ్ళీ వసంతం వచ్చేదాకా నాకు పని లేదు. చలికాలంలో గొట్టాలు గడ్డకట్టకుండా ఎలాగూ కట్టేయాల్సిందే కదా అని మీకు అనిపించవచ్చు. నిజమే. కానీ తేదీ చూసుకుని కట్టేయడం వేరు.

ఒక సంగతి గమనించాను. 75 అనే అంకె ఇక్కడ అందరికీ నోటికొస్తుంది. అందులోంచి ఒక్క మనిషిని బయటికి తీసి చూపమంటే చాలామంది తడబడతారు. నేను తీస్తాను.

ఫ్రాంక్ లోరియా. వర్జీనియా టెక్‌లో ఆడి దేశమంతా పేరు తెచ్చుకున్నవాడు, ఇక్కడ సహాయ శిక్షకుడు. వయసు 23. శిష్యులకూ గురువుకూ పెద్ద ఎడం ఉండని కొలువు. ఇంటిదగ్గర భార్య గర్భిణి. తండ్రి పోయాక పుట్టిన కొడుక్కి ఆ తండ్రి పేరే పెట్టారు.

టెడ్ షూబ్రిడ్జ్. న్యూజెర్సీలోని లిండ్‌హర్స్ట్ కుర్రాడు, జట్టుకు క్వార్టర్‌బ్యాక్. అంటే బంతి మొదట వచ్చేది అతని చేతికే. ఎవరికి అందించాలో, ఎటు విసరాలో రెండు మూడు క్షణాల్లో అతనే తేల్చుకోవాలి.

ఇంకొకాయన్ని వదిలితే మనసొప్పదు. జీన్ మోర్‌హౌస్. యూనివర్సిటీ క్రీడా సమాచారం చూసేవాడు, రేడియోలో ఆటలు వినిపించేవాడు. ఆయన కొడుక్కి అప్పుడు తొమ్మిదేళ్ళు. పెద్దయ్యాక ఆ అబ్బాయీ ఈ ఊళ్ళోనే టీవీలో క్రీడావార్తలు చెప్పాడు. పెళ్ళాడింది కూడా అదే విమానంలో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న అమ్మాయినే.

జట్టును మూసేద్దామన్నవాళ్ళూ ఉన్నారు. మూయలేదు. జాక్ లెంగయల్ అనే కొత్త శిక్షకుడు వచ్చాడు. మొదటి ఏడాది విద్యార్థులు పెద్ద జట్టులో ఆడకూడదన్న నియమాన్ని మార్షల్ కోసం సడలించారు. 1971 సెప్టెంబరు 25న సొంత మైదానంలో చిట్టచివరి బంతికి రెగీ ఆలివర్ విసరగా టెర్రీ గార్డ్‌నర్ అందుకుని గీత దాటాడు. జేవియర్ యూనివర్సిటీ జట్టు మీద 15-13 గెలుపు. ఈ కథనంతా 2006లో సినిమాగా తీశారు, అందులో నేనూ ఉన్నాను. ఆ సినిమా చూసినవాళ్ళు అక్కడితో అంతా కుదుటపడిందనుకుంటారు. ఆ ఏడు గెలిచింది రెండే ఆటలు. ఓటములకన్నా గెలుపులు ఎక్కువైన ఏడు కోసం 1984 దాకా ఆగాల్సి వచ్చింది. నా గట్టు మీద కూర్చుని శాండ్‌విచ్చులు తింటూ జట్టును తిట్టుకున్నవాళ్ళని ఎంతమందిని విన్నానో! ఆ తిట్లు నాకు ముద్దుగానే ఉండేవి. పోయినవాళ్ళని ఎవరూ తిట్టరు. ఆడుతున్న జట్టునే తిడతారు.

దేశం ఆ పోయిన కుర్రాళ్ళను ఆటగాళ్ళుగానే గుర్తుపెట్టుకుంది. వాళ్ళు తరగతుల్లో కూర్చున్న పిల్లలు కూడా. సోమవారం ఎవరికి ఏ పరీక్ష ఉందో, ఎవరి వ్యాసం సగంలో ఆగిపోయిందో ఏ సినిమాలోనూ రాదు. 2020లో, 50 ఏళ్ళు నిండిన నవంబరులో, ఆ విమానంలో పోయిన విద్యార్థులకు యూనివర్సిటీ పట్టాలిచ్చింది. బతికుంటే మనవలున్న తాతలై ఉండేవారు. నేనిన్నాళ్ళూ విన్న ఉపన్యాసాలన్నిటికన్నా నాకు ఆ కాగితాలే నచ్చాయి. వాటి మీద స్కోరు ఉండదు, విమానం ఊసు ఉండదు. పేరు, చదివిన చదువు, యూనివర్సిటీ ముద్ర.