శూన్యాజ్ఞా శాస్త్రం

విషయ ప్రయోజనాలు

లినక్స్ సర్వర్లతో కాపురం చేసేవాళ్లందరికీ ఏ గురువూ నేర్పకుండానే అబ్బే విద్య ఒకటుంది. అర్ధరాత్రి అప్లికేషన్ లేవనని మొరాయిస్తుంది. కాల్‌లో మేనేజరు "ఇంకా ఎంతసేపు బాబూ?" అంటుంటాడు. అప్పుడు వేళ్లు వాటంతటవే "సెట్‌ఎన్‌ఫోర్స్ 0" అని కొడతాయి. అప్లికేషన్ లేస్తుంది. ఏం చేశావని అడిగితే "రీస్టార్ట్ చేశాను సార్" అన్న జవాబొస్తుంది. ఆ సున్నాయే ఈ శాస్త్రానికి విషయం. దాన్ని కొట్టిన చేతికి కాస్త సిగ్గు కలిగించడం ప్రయోజనం. రూట్ పాస్‌వర్డ్ తెలిసి, ఆడిట్ లాగ్ ఎక్కడుంటుందో తెలియనివాడు దీన్ని చదవడానికి అధికారి. ఈ లెక్కన అనధికారులు బహు కొద్దిమంది.

ధర్మద్వయం

యూనిక్స్ పాత ధర్మంలో ఫైలు ఎవరిదో పెత్తనం వారిది. ఎవరికి చూపించాలో, ఎవరికి దాచాలో యజమాని ఇష్టం. రూట్ అనేవాడు ఈ యజమానులందరికీ పైవాడు. వాడికి అడ్డు లేదు. చిక్కల్లా సర్వీసులతో వస్తుంది. వెబ్ సర్వర్ దారిన పోయే ప్రతివాడితోనూ మాట్లాడక తప్పదు. ఏదో ఒకనాడు ఎవడో దాన్ని బుట్టలో వేసుకుంటాడు. అప్పుడది తన చేతికి అందేదంతా వాడి చేతిలో పెడుతుంది.

అందుకని రెండో ధర్మం పుట్టింది. ఏ సర్వీసు ఏ రకం ఫైలును ముట్టుకోవచ్చో, ఏ పోర్టులో కూర్చోవచ్చో ముందే రాసి కెర్నెల్‌కు అప్పగిస్తారు. ఆ రాతే పాలసీ. రాయనిదంతా నిషిద్ధం. రూట్‌గా నడిచే సర్వీసుకైనా మినహాయింపు లేదు. దీన్నే మాండేటరీ యాక్సెస్ కంట్రోల్ అంటారు. లినక్స్‌లో దీనికి పేరుమోసిన రూపం ఎస్ఈలినక్స్. సెట్‌ఎన్‌ఫోర్స్ 0 అన్న శూన్యాజ్ఞ ఈ కాపలానే నిద్రపుచ్చుతుంది.

గురుపరంపర

1973లో బెల్, లపాడ్యులా అనే ఇద్దరు మైటర్ సంస్థలో కూర్చుని, అమెరికా వైమానిక దళం కోసం, రహస్య పత్రాలు ఎవరి కంట పడవచ్చో గణితం కట్టారు. 1985లో బోబర్ట్, కెయిన్ ఆ ఆలోచనను రహస్యస్థాయిల నుంచి తప్పించి "టైపుల" మీద నిలబెట్టారు. యూటా విశ్వవిద్యాలయం తోడుతో అమెరికా గూఢచారి సంస్థ ఎన్ఎస్ఏ దాన్ని పెంచి, 2000 డిసెంబరులో ఎస్ఈలినక్స్ పేరిట లోకానికి ఉచితంగా పంచింది. ఊళ్లో వాళ్ల ఉత్తరాలు చదవడమే వృత్తిగా గల సంస్థ గుట్టు కాపాడే విద్యను దానం చేయడం కలియుగ విశేషం. 2003లో ఇది 2.6 కెర్నెల్‌లో చేరింది.

2004 మేలో వచ్చిన ఫెడోరా కోర్ 2 అనే లినక్స్ పంపిణీ కోసం సిద్ధం చేసిన పాలసీ యంత్రంలోని ప్రతి ప్రాసెస్‌నూ కట్టడి చేయబోయింది. పరీక్షించినవాళ్లు లబోదిబోమంటే, డిఫాల్ట్‌గా ఆపేసే విడుదల చేశారు. నవంబరులో ఫెడోరా కోర్ 3 నాటికి రాజీ కుదిరింది: బయటివాళ్లతో మాట్లాడే గుప్పెడు సర్వీసులకు కట్టడి, మిగిలినవాటికి స్వేచ్ఛ. పండితులు గమనించవలసింది ఏమంటే, ఈ కాపలాను మొట్టమొదట ఆపినవాళ్లు దాన్ని డబ్బాలో పెట్టి మనకు పంపినవాళ్లే. కాబట్టి శూన్యాజ్ఞకు సంప్రదాయ బలం లేదనడానికి వీల్లేదు.

మొదటి సూత్రం: ఇల్లు మారినా ఇంటిపేరు మారదు

వ్యాఖ్యానం. ఒక ఉద్యోగి తన హోమ్ డైరెక్టరీలో ఇండెక్స్ పేజీ తయారుచేసి, "ఎంవీ" ఆజ్ఞతో వెబ్ సర్వర్ డైరెక్టరీలోకి తరలించాడు. బ్రౌజర్ తెరిస్తే 403, అంటే ప్రవేశం లేదు. వెంటనే సీహెచ్‌మాడ్ 777 కొట్టాడు. అంటే, యంత్రంలో ఉన్న ప్రతివాడూ ఆ ఫైలును చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు, నడుపుకోవచ్చు. మళ్లీ 403. కెర్నెల్ ముందు పాత ధర్మాన్ని అడుగుతుంది, అది సరే అన్నాక కొత్త ధర్మాన్ని అడుగుతుంది. 777 మొదటిదాన్నే మెప్పించింది. రెండోది కదల్లేదు.

ఎల్ఎస్‌కు పెద్ద జెడ్ తగిలించి చూస్తే గుట్టు బయటపడుతుంది. ఫైలు మీద, దాని రకాన్ని చెప్పే "యూజర్_హోమ్_టీ" అన్న లేబుల్ అలాగే ఉంది. "హెచ్‌టీటీపీడీ_టీ" అన్న లేబుల్ గల వెబ్ సర్వర్ చదవదగ్గది "హెచ్‌టీటీపీడీ_సిస్_కంటెంట్_టీ". ఎంవీ చేసిన ఫైలు పాత ఇంటిపేరుతోనే కొత్త ఇంటికి వస్తుంది. "సీపీ" చేసి ఉంటే కొత్త ఇంటిపేరు దానంతటదే వచ్చేది. చికిత్స "రిస్టోర్‌కాన్" అనే ఒక్క మాట. రోగికి అది చెప్పేలోపు రోగి సున్నా కొట్టేస్తాడు.

రెండో సూత్రం: నిరాకరణ నిజమే చెబుతుంది

వ్యాఖ్యానం. ఎస్ఈలినక్స్ కుదరదన్నప్పుడు ఆడిట్ లాగ్‌లో ఒక పంక్తి పడుతుంది. "ఏవీసీ: డినైడ్" అని మొదలై, బ్రాకెట్లో "రీడ్", తర్వాత అడిగిన ప్రోగ్రాము "హెచ్‌టీటీపీడీ", అడిగిన వస్తువు "ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్", అడిగినవాడి లేబుల్, వస్తువు లేబుల్, అది ఫైలా సాకెట్టా అన్న సంగతి. ఎవరు, దేన్ని, ఏం చేయబోతే, ఎందుకు కుదరదన్నామో ఒక్క ముక్క దాచకుండా రాసిన ఎండార్స్‌మెంట్ అది. ఏ కార్యాలయంలోనైనా దరఖాస్తు ఇంత నిక్కచ్చిగా తిరిగొస్తే జనం దండం పెట్టేవారు. ఇక్కడ మాత్రం రాసినవాడినే సస్పెండ్ చేస్తారు.

అపవాదం: పాలసీలో "డోంట్‌ఆడిట్" నియమాలు కొన్ని ఉంటాయి. ఇవి కుదరదంటాయి కానీ కాగితం రాయవు. మామూలుగా అడిగి మామూలుగా భంగపడే సర్వీసుల రొదతో లాగ్ నిండకుండా చేసిన ఏర్పాటు ఇది. కారణం కనబడక తల పట్టుకున్నవాడు "సెమాడ్యూల్ -డీబీ"తో ఆ మౌనాన్ని భంగపరచవచ్చు.

మూడో సూత్రం: శూన్యం త్రివిధం

వ్యాఖ్యానం. క్షణిక శూన్యం, సాక్షి శూన్యం, సంపూర్ణ శూన్యం. సెట్‌ఎన్‌ఫోర్స్ 0 క్షణికం. దాని ఆయుష్షు తర్వాతి రీబూట్ దాకానే. మూడు నెలలకు కెర్నెల్ అప్‌డేట్ కోసం యంత్రాన్ని తిప్పితే కాపలా తిరిగొస్తుంది, అప్లికేషన్ పడుకుంటుంది. ఆనాడు సున్నా కొట్టినవాడు అప్పటికే వేరే కంపెనీలో ఉంటాడు. "ఏమీ మార్చలేదే!" అని అందరూ ప్రమాణం చేస్తారు, అదీ నిజమే.

కాన్ఫిగ్ ఫైల్లో పర్మిసివ్ అని రాయడం సాక్షి శూన్యం. ప్రతి తప్పునూ రాసుకుంటుంది, దేన్నీ ఆపదు. కొత్త పాలసీ పరీక్షించేవాళ్లకు ఇది వరం. మరిచిపోయి వదిలేసినవాళ్లకు దొంగతనం మొత్తం తేదీలతో సహా రాసిపెట్టిన డైరీ. పూర్తిగా డిజేబుల్ చేయడం సంపూర్ణ శూన్యం. ఆ కాలంలో పుట్టిన ఫైళ్లకు లేబులే ఉండదు. మళ్లీ బుద్ధి పుట్టి ఆన్ చేస్తే డిస్కులోని ప్రతి ఫైలుకూ కూర్చుని నామకరణం చేయాలి.

నాలుగో సూత్రం: భద్రత పేరనే భద్రత పోవును

వ్యాఖ్యానం. ఆడిటర్ చెప్పాడని ఒకడు ఎస్ఎస్‌హెచ్‌ను 22 నుంచి 2222వ పోర్టుకు మారుస్తాడు. పాలసీలో ఎస్ఎస్‌హెచ్‌కు రాసింది 22 కాబట్టి సర్వీసు లేవదు. వెంటనే సున్నా. పోర్టు మార్చి పదిమందిని తప్పించుకున్నాడు, కాపలా తీసి అందరినీ రమ్మన్నాడు. శాస్త్రకారుణ్ణి కలచివేసేది ఇంకొకటి. రెడ్‌హ్యాట్ కుటుంబపు లినక్స్‌లలో, అతను దిద్దిన ఆ కాన్ఫిగ్ ఫైల్లోనే, పోర్టు పంక్తికి సరిగ్గా పైన, పోర్టు మారిస్తే ఎస్ఈలినక్స్‌కు చెప్పాలని, చెప్పడానికి కొట్టవలసిన "సెమేనేజ్ పోర్ట్" ఆజ్ఞ ఇదీ అని రాసి ఉంటుంది. కన్ను ఆ వాక్యాన్ని దాటుకునే కింది అంకె మీదికి వెళ్లింది.

ఐదో సూత్రం: అడిగిందల్లా ఇచ్చుట విచారణ కాదు

వ్యాఖ్యానం. కొందరు సాత్వికులు సున్నా కొట్టరు. లాగ్‌లోని నిరాకరణలన్నీ "ఆడిట్‌టూఅలౌ" అనే యంత్రంలో పోస్తారు. అది ప్రతి నిరాకరణనూ అనుమతిగా మార్చి మాడ్యూల్ కట్టిస్తుంది. పనిముట్టు మంచిదే, పుట్టిన నియమాన్ని చదివి ఎక్కించేవాడికి. చదవకుండా ఎక్కించేవాడు, కాపలావాడు పట్టుకున్న వాళ్లందరికీ పాసులు రాసిచ్చినవాడవుతాడు. వెబ్ సర్వర్ వేరే యంత్రంలోని డేటాబేస్‌తో మాట్లాడాలన్నంత న్యాయమైన కోరికకు "హెచ్‌టీటీపీడీ_కెన్_నెట్‌వర్క్_కనెక్ట్_డీబీ" అనే స్విచ్ ముందే ఉంది. దాన్ని వేస్తే చాలు.

పూర్వపక్షం

"మా సర్వర్ ఫైర్‌వాల్ వెనక ఉంది." ఫైర్‌వాల్ వెబ్ సర్వర్ దాకా దారి ఇస్తుంది, ఇవ్వక తప్పదు. ఆ తర్వాతి సంగతి దానికి తెలియదు. "వెండర్ డాక్యుమెంట్‌లోనే ఆపమని రాశాడు." రాసినవాడూ అర్ధరాత్రి కాల్‌లోనే రాశాడు. "ఆ భాష మనుషులది కాదు." ఒప్పుకున్నాం. ఆ అండర్‌స్కోర్ల అడవిని ఎవరూ ప్రేమించి నేర్వలేదు. ఆ బాధతోనే ఉబుంటువాళ్లు ఫైలు పేర్లతోనే నియమాలు రాసుకునే యాప్‌ఆర్మర్‌ను పట్టుకున్నారు. అదీ 2010లో కెర్నెల్‌లో చేరింది. దాన్ని ఆపేవాళ్లకూ కొదవ లేదు.

"దీంతో పని జరగదు." ఈ మాట అనేవారి జేబులో ఫోన్ ఉంటుంది. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఎస్ఈలినక్స్ అందులో పూర్తిగా ఎన్‌ఫోర్సింగ్‌లోనే, అంటే కాపలా కాసే స్థితిలోనే, ఉంది. దాన్ని ఆపే బటన్ సెట్టింగుల్లో లేదు. యూపీఐ చెల్లింపులు ఆగలేదు. అమీర్‌పేట కోచింగ్‌లో రెడ్‌హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్షకు ఇవే లేబుళ్లు, స్విచ్‌లు, పోర్టులు సిలబస్‌గా చదువుతారు. ఎన్‌ఫోర్సింగ్‌లో పెట్టి పాసై, ఉద్యోగంలో చేరి ఆపుతారు.

సిద్ధాంతం

నిరాకరణల్లో చాలావరకు మన ఫైలు తప్పు చోట ఉండటం వల్లో, మన పోర్టు చెప్పకపోవడం వల్లో వచ్చేవే. ఎక్కడో ఒకటి మాత్రం నిజమైన దొంగది. చూడటానికి రెండూ ఒకే పంక్తి, ఒకే అక్షరాలు. 2019లో కంటైనర్ లోపలి ప్రోగ్రాము బయట కంటైనర్లను నడిపే రన్‌సీ అనే ప్రోగ్రామునే తిరగరాయగల లోపం బయటపడింది. కాపలా ఎన్‌ఫోర్సింగ్‌లో ఉన్నచోట ఆ ఎత్తు పారదని రెడ్‌హ్యాట్ ప్రకటించింది. ఆ పూట కూడా యంత్రం అదే "డినైడ్" రాస్తుంది, మన ఇండెక్స్ పేజీకి రాసినట్టే. తొంభై తొమ్మిదింటి విసుగుతో నోరు మూయించినవాడు నూరోదాని నోరూ మూయించాడు.

ఫలశ్రుతి

ఈ శాస్త్రాన్ని చదివినవాడికి లేబుళ్లు కనిపిస్తాయి. లాగ్ చదివేవాడికి కంటినిండా నిద్ర పడుతుంది. పాలసీ రాసేవాడికి పుణ్యం, తలనొప్పి సమానంగా లభిస్తాయి. ఇవేవీ పట్టించుకోక సున్నా కొట్టేవాడికి పని త్వరగా ముగించాడన్న పేరు, ఆ పేరుతో ప్రమోషన్ వస్తాయి. పాపఫలం మాత్రం అతని కుర్చీలో తర్వాత కూర్చున్నవాడు అనుభవిస్తాడు.