అడుగు సొరుగులో పచ్చపొడి

గుండె ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరుగారికి చెయ్యి చాస్తే అందేలా ఒక ట్రాలీ ఉంటుంది. పై సొరుగు తెల్లటి మత్తుమందు ప్రొపోఫాల్‌ది. నాది అడుగు సొరుగు. నా పొరుగువాళ్లు ఎవరో సగం వాడి పడేసిన ప్లాస్టరు చుట్ట, మూత పోయిన పెన్ను, గడువు దగ్గరపడ్డ నాలుగు ఆంపూళ్లు. సొరుగు తెరిచేది నెలాఖరున స్టాకు రాసుకునే సిస్టరొక్కతే. సీసా తిప్పి తేదీ చూస్తుంది, మళ్లీ మూసేస్తుంది.

నన్ను థయోపెంటోన్ సోడియం అంటారు. థియేటర్లో ‘థయో’, పాతకాలం డాక్టర్లకు ‘పెంటోథాల్’. లేత పసుపు పొడిని. నీళ్లు కలిపితే గంధకం వాసన కొడతాను. నరంలోకి ఎక్కుతుంటే కొందరికి నోట్లో వెల్లుల్లి రుచి తెలుస్తుంది. ‘ఇదేంటి, వెల్లుల్లి...’ అని మొదలుపెట్టి ఆ మాట పూర్తి చేయకుండానే నిద్రలోకి జారిపోయినవాళ్లు ఎందరో.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. షికాగో దగ్గర అబాట్ కంపెనీలో వోల్‌వైలర్, టేబర్న్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు అప్పటికే ఉన్న ఒక నిద్రమందులో ఆక్సిజన్ పరమాణువును తీసి, ఆ చోట గంధకం పెట్టారు. దాంతో కొవ్వులో ఇట్టే కరిగే గుణం అబ్బింది. చేతి నరంలో ఎక్కిస్తే అర నిమిషంలో మెదడులో ఉంటాను. 1934 మార్చి 8న విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో రాల్ఫ్ వాటర్స్ నన్ను మొదటిసారి మనిషికిచ్చారు. అంతకు ముందు మత్తంటే చాలావరకు ముక్కు మీద గుడ్డ, ఘాటు, ఉక్కిరిబిక్కిరి, నలుగురు పట్టుకుంటే గాని ఆగని పెనుగులాట. ఆ కాలపు పెద్దమనిషి క్లోరోఫాం కోసం హైదరాబాదులో నిజాం ప్రభుత్వం డబ్బుపోసి 1888లో ఒకటి, 1889లో మరొకటి కమిషన్లు కూర్చోబెట్టింది. అక్కడి వైద్యుడు ఎడ్వర్డ్ లారీ పట్టుబట్టి జరిపించిన వైభవమది. నాకలాంటి యోగం లేదు. నాకు దక్కినవి ముందు నిందలు.

1941లో పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడ్డప్పుడు రక్తం కారిపోయి వచ్చిన సైనికులకు నన్నిచ్చారు. రక్తం తగ్గిన ఒంటికి నన్ను బాగా తగ్గించి ఇవ్వాలి. ఆ సంగతి అప్పటికి అందరికీ తెలియదు. బాంబులకంటే నేనే ఎక్కువమందిని చంపానన్న పుకారు పుట్టి, పాఠాల్లోకి కూడా ఎక్కింది. దశాబ్దాల తర్వాత ఎవరో ఓపికగా రికార్డులు తిరగేస్తే అందులో చాలావరకు అతిశయోక్తని తేలింది. అప్పటికి నా పరువు పోనే పోయింది. ఇక పోలీసులు నన్ను ‘నిజం కక్కించే మందు’ అన్నారు. నార్కో పరీక్ష పేరుతో టీవీల్లో నన్నెంత ఊదరగొట్టారో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. మత్తులో మనిషి నిజమూ చెబుతాడు, అబద్ధమూ చెబుతాడు, అడిగినవాడికి నచ్చిందీ చెబుతాడు. ఒప్పుకోని మనిషికి ఆ పరీక్ష చేయకూడదని 2010లో సుప్రీంకోర్టు చెప్పాక గాని నాకు కాస్త ఊపిరాడలేదు.

అన్నిటికంటే మనసు విరిగింది 1982 డిసెంబరులో. టెక్సాస్‌లో ఒక ఖైదీకి మరణశిక్ష అమలు చేయడానికి మొదట నన్నే ఎక్కించారు. ఆపరేషన్ బల్ల మీద మనిషి మళ్లీ లేస్తాడన్న నమ్మకంతో పనిచేసినదాన్ని నేను.

ఈ నిందల మధ్య నాకు గర్వంగా చెప్పుకోగలిగిన కొలువు ఒకటి దొరికింది. మెదడుకు కాపలా.

గుండెను ఆపి, రక్తాన్ని హార్ట్‌లంగ్ మెషీన్‌లో తిప్పుతూ చేసే ఆపరేషన్లలో ఒక బెడద ఉంది. గుండె బాగవుతుంది, మనిషి లేస్తాడు, కానీ ఒక చెయ్యి రాదు. లేదా ఇంట్లోవాళ్లను గుర్తుపట్టినా చిల్లర లెక్క పెట్టలేడు. మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే అయినా ఆక్సిజన్‌లో అయిదో వంతు దానికే పోతుంది, పైగా రేపటికని దాచుకునే అలవాటు లేదు. నేను చేరగానే, మెదడు విద్యుత్తును చూపే ఈఈజీ కాగితం మీద గీతలు నెమ్మదిస్తాయి. కాసేపు గుప్పున ఎగసి, అంతలో చప్పున ఆగిపోతూ సాగుతాయి. ఇంకొంచెం ఎక్కిస్తే గీత చదునైపోతుంది. అక్కడికి మెదడు ఆక్సిజన్ ఖర్చు ఇంచుమించు సగానికి వస్తుంది. ఖర్చు తగ్గించినవాడు కరువును తట్టుకుంటాడు కదా అని డాక్టర్లు లెక్కేశారు. మెడలో మెదడుకు రక్తం మోసే కెరోటిడ్ ధమనికి బిగింపు వేసే ముందు కూడా ఇదే ఆశతో నన్ను పిలిచేవారు.

1986లో హ్యూస్టన్‌లో నా జాతకం తిరిగింది. గుండె గదులు తెరిచి చేసే ఆపరేషన్లకు వచ్చిన 182 మందిలో 89 మందికి ఈఈజీ చదునయ్యేదాకా నన్నిచ్చారు. మర్నాడు రెండు జట్లలోనూ మెదడు తేడాలు కనిపించాయి. పదో రోజుకు నన్ను తీసుకున్నవాళ్లలో ఒక్కరికీ మిగల్లేదు, తీసుకోనివాళ్లలో ఏడుగురికి మిగిలాయి. ఎన్నాళ్లకో నా పేరు పక్కన మంచి మాట పడింది! దాని కిందే రాసిన వాక్యాలూ చదవాలి లెండి: నన్ను తీసుకున్నవాళ్లు ఆలస్యంగా లేచారు, గుండె పిండే బలం తగ్గి వేరే మందుల ఆసరా కావలసి వచ్చింది. అదే ఏడు, గుండె ఆగి మళ్లీ కొట్టుకున్నా స్పృహ రాని 262 మంది మీద జరిగిన పరీక్షలో నావల్ల ఒరిగిందేమీ లేదని తేలింది.

ఆ తర్వాత 1991లో అట్లాంటా. ఈసారి బైపాస్ ఆపరేషన్లు, 300 మంది రోగులు. నన్ను తీసుకున్నవాళ్లలో అయిదుగురికి పక్షవాతం, తీసుకోనివాళ్లలో ఇద్దరికి. అంకెలు చిన్నవి, నేనే కీడు చేశానని ఎవరూ అనలేదు. మేలు చేయలేదని మాత్రం అందరూ అన్నారు.

నా మాట వినండి. హ్యూస్టన్‌లో గుండె గదులు తెరిచారు, గాలి బుడగలు మెదడుకు పోయే వీలుంది, ఒళ్లు దాదాపు వెచ్చగానే ఉంది. చిన్న బుడగ కాసేపు అడ్డుపడి కరిగిపోతుంది. ఆ కాసేపు మెదడును ఓపిక పట్టించగలను. అట్లాంటాలో ఒంటిని ముందే చల్లబరిచారు. బృహద్ధమని గోడకు పేరుకున్న సున్నపు పెచ్చు బిగింపు కింద ఊడి మెదడు రక్తనాళంలో కూర్చుంటే, అది గంటలు గడిచినా కదలదు. దాన్ని నేనెలా తీయగలను? నా చేతిలో ఉన్నది మెదడు చేసే పని మాత్రమే. కణం బతికి ఉండడానికి పెట్టుకునే కనీసపు ఖర్చు జోలికి నేను పోలేను.

ఆ పని చేయగలిగింది చలి. ఒక్కో డిగ్రీ దిగితే మెదడు ఖర్చు 6, 7 శాతం పడిపోతుంది, కనీసపు ఖర్చుతో సహా. 1975లో స్టాన్‌ఫర్డ్‌లో రాండల్ గ్రీప్ జట్టు ఒంటిని బాగా చల్లబరిచి, రక్తప్రసరణ పూర్తిగా ఆపేసి, బృహద్ధమని వంపు మార్చింది. 18 డిగ్రీల దగ్గర సుమారు అరగంట మెదడు రక్తం లేకుండా ఓర్చుకుంటుంది. అంత చలిలో ఈఈజీ గీత దానంతటదే చదునవుతుంది. అప్పుడు నన్నెక్కించడం కరెంటు పోయిన ఇంట్లో దీపం ఆర్పమన్నట్టే.

పై సొరుగులో దొరగారికీ ఇదే పరీక్ష పెట్టారు. 1999లో కవాటాల ఆపరేషన్లకు వచ్చిన 225 మందిలో కొందరికి ప్రొపోఫాల్‌తో గీతను ఎగసి ఆగే దశకు తెస్తే ఫలితం సున్నా. అయినా ఆయన పై సొరుగులోనే ఉన్నాడు. త్వరగా లేపుతాడు, వాంతులు తక్కువ. ఒప్పుకుంటాను.

2011 జనవరిలో నన్ను అమెరికాలో అమ్మే కంపెనీ నా తయారీ మానేస్తున్నానని ప్రకటించింది. ఇటలీలో చేద్దామంటే, మరణశిక్షలకు పోదని హామీ ఇవ్వాలని అక్కడివాళ్లు అడిగారు. కంపెనీ హామీ ఇవ్వలేక చేతులెత్తేసింది. మరణశిక్షల కోసం నన్ను వాడిన పాపానికి అమెరికా ఆసుపత్రుల్లోంచి వెలివేశారు. మన దేశంలో చవకగా ఇంకా దొరుకుతున్నాను. ఎటొచ్చీ వాడే చేతుల్లో శ్రద్ధ తగ్గింది. నేను గట్టి క్షారాన్ని. అదే గొట్టంలో వెనువెంటనే కండరాల సడలింపు మందు ఎక్కిస్తే గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. మధ్యలో కాసిని సెలైన్ నీళ్లు పంపాలి. పొరపాటున ధమనిలో పొడిస్తే స్ఫటికాలై వేళ్లు నల్లబడతాయి. ఈ జాగ్రత్తలు పరీక్ష కోసం బట్టీపట్టినవాళ్లే సూది పట్టేసరికి మర్చిపోతారు.

మొన్న బృహద్ధమని వంపు కేసొకటి వచ్చింది. రోగి తల చుట్టూ ఐసు సంచులు, నుదుటి మీద మెదడు ఆక్సిజన్ చూపే రెండు స్టిక్కర్లు. హార్ట్‌లంగ్ మెషీన్ నడిపే పెర్ఫ్యూజనిస్టు ‘సార్, ఇరవై ఆరు డిగ్రీలు’ అన్నాడు. పెద్ద డాక్టరుగారు తల తిప్పకుండానే ‘అమ్మాయ్, థయో కలుపు’ అన్నారు. పీజీ అమ్మాయి అడుగు సొరుగు లాగి, అరగ్రాము సీసాలో 20 మిల్లీలీటర్ల నీళ్లు పోసి ఊపింది, సిరంజిలోకి తీసింది. తీశాక మెల్లగా అడిగింది: ‘సార్, కుడి చంక ధమనిలోంచి మెదడుకు రక్తం వెళుతూనే ఉంటుంది కదండీ. ఇప్పుడిది ఇస్తే గుండె మళ్లీ పట్టుకునేటప్పుడు ఇబ్బంది కాదాండీ?’

ఆయన ఒక క్షణం ఆలోచించారు. ‘సరే, పక్కన పెట్టు. స్టిక్కర్ల అంకె పడితే చూద్దాం.’

అంకె పడలేదు. అమ్మాయి అన్నది సబబే, నేనయినా అదే అనేదాన్ని. కేసు అయ్యేసరికి రాత్రయింది. సిస్టరు సిరంజిలో ఉన్న నన్ను పసుపు సంచిలో పడేసి, ఖాళీ సీసా లెక్క రాసుకుంది. సిరంజికి అంటించిన లేబుల్ మీద నా పేరులో రెండు అక్షరాలు తప్పు.