కాగితం మీది రిలీవర్

మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి 1671లో సజీవంగా బృందావన ప్రవేశం చేశారు. ఏడు వందల ఏళ్లు అక్కడే ఉంటారని భక్తుల నమ్మకం. బందోబస్తు చార్టు గీసే పెద్దలకు ఈ మాట మరీ నచ్చినట్టుంది. తుంగభద్ర ఒడ్డున నిలబెట్టిన కానిస్టేబుల్ మీదా అదే నమ్మకం పెట్టుకున్నారు.

ఒకసారి తెల్లవారుజామున మూడింటికి స్నానానికి పోయినా. ఏ ఉత్సవమో, ఒడ్డున కాపలా ఉన్న కానిస్టేబుల్‌ది ఏ స్టేషనో చెప్పను. చెబితే ఆయనకు ఇంకో రెండు నైట్లు పడతాయి. లాఠీ మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపే ఎక్కడా ఆనడం లేదు.

"డ్యూటీ ఎప్పుడెక్కినావన్నా?"

"నిన్న పొద్దున పదికి సామీ."

"మరి రిలీవర్?"

"కాగితంలో సాయంత్రం ఆరుకే వచ్చినాడు. మనిషి బస్టాండు పాయింటు కాడ ఉండాడు. ఆయప్పకూ రిలీవర్ రావల్ల గదా!"

పదిహేడు గంటలు. అంతసేపు మేలుకున్నవాడి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి దిగిపోతుందని 2000లో అచ్చయిన ఒక పరిశోధన చెప్పింది. మన చట్టంలో 0.03 దాటితే కేసు. ఇదే మనిషి చేతికి ఊదుడు మిషనిచ్చి ఎమ్మిగనూరు రోడ్డు మీద నిలబెట్టండి, ముందు ఎవరు ఊదాలి? ఆయన ఊదినా సున్నానే. నిద్రలేమికి వాసన ఉండదు.

గట్టిగా అడిగితే పోలీసు ఎల్లవేళలా డ్యూటీలో ఉన్నట్టే లెక్క అంటారు. 1861 నాటి పోలీసు చట్టం 22వ సెక్షన్ మాట అది. 1857 చూసి జడుసుకున్న దొర రాసుకున్నాడు, సరే. అవసరమైతే పిలవచ్చని దాని భావం. పడుకోనివ్వద్దని అందులో ఎక్కడుంది?

2019 జూన్‌లో మన రాష్ట్రం పోలీసులకు వారానికో సెలవు ప్రకటించింది. మంచిదే. సెలవైతే ప్రకటిస్తే సరిపోతుంది. ఆ రోజు పాయింటులో నిలబడే రెండో మనిషిని మాత్రం ప్రకటించలేం, ఉద్యోగంలోకి తీసుకోవాలి. ముంబయి దేవనార్ స్టేషన్లో ఒక కానిస్టేబులే ఎనిమిది గంటల షిఫ్టుల లెక్క కట్టి కమిషనర్‌కిచ్చాడు. 2016లో ఆ స్టేషన్లో మొదలుపెట్టి, మరుసటి ఏడు నగరమంతా అమలు చేశారు. నిలబడేవాడు గీసిన చార్టు కదా మరి!

ఇక అసలు వేడుక అప్పగింత. పోయేవాడు 'అంతా ప్రశాంతం' అని రాస్తాడు, వచ్చేవాడు సంతకం గీకుతాడు. మూడో మెట్టు పాచిపట్టి జారుతోందనీ, తప్పిపోయిన అవ్వ కోసం రాయచూరువాళ్లు సాయంత్రం నుంచి వెతుకుతున్నారనీ రాయడానికి ఏ పుస్తకంలోనూ గడి లేదు. ఐదు నిమిషాలు నోటితో చెప్పుకుంటే చాలు. కానీ ఇద్దరు ఒకచోట కనిపిస్తే చాలు, 'ఏం, కబుర్లా?' అంటూ జీపు ఆగుతుంది.

నేను మునిగి ఒడ్డెక్కేసరికి ఆయన టార్చి పళ్లతో కరచిపట్టుకుని, పుస్తకంలో రిలీవర్ గడి నింపుతున్నాడు. సంతకం అయింది. టార్చి చేతిలోకి తీసుకుని నావైపు తిరిగాడు.

"ఈపొద్దు తారీఖెంత సామీ?"