బండిభక్తుడి ముందుకాళ్లు

బండిభక్తుణ్ని చూడాలంటే ఆదివారం పొద్దున్నే ఏ అపార్ట్‌మెంటు సెల్లారులోకైనా దిగితే చాలు. లుంగీ ఎగ్గట్టి, డబుల్ స్టాండు వేసిన బండి ముందు గొంతుక్కూర్చుని, పాత టూత్‌బ్రష్షుతో చక్రం ఊచల సందులు తోముతుంటాడు. ఇంజన్ ఆయిల్ ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్పించాడో చిన్న డైరీలో రాసి ఉంటుంది. పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ మైలేజీ లెక్క కడతాడు. దసరాకు బండి కడిగి, హెడ్‌లైటుకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి, ముందు చక్రం కింద నిమ్మకాయ తొక్కించి, హ్యాండిలుకు బంతిపూల దండ వేస్తాడు. ఆ దండ వేలాడేది సరిగ్గా రెండు ముందు షాకబ్జర్ల మీద. వాటి లోపలున్న నూనె మాత్రం బండి షోరూము గుమ్మం దాటిననాటిదే. ఎనిమిది దసరాలు చూసిన నూనె.

ఇది పిసినారితనం అనుకుంటే పొరపాటు. వంద, నూటపాతిక సీసీ బండ్లలో ఒక్కో ఫోర్కుకు, అంటే ఒక్కో ముందు షాకబ్జరుకు, పట్టేది 200 మిల్లీలీటర్ల లోపే. రెంటికీ కలిపి అరలీటరు సీసా తెస్తే ఇంకా మిగులుతుంది. ఆ సీసా ఖరీదుకు రెండింతలు సీటు కవరుకూ మిణుకుమిణుకు లైట్లకూ ఎప్పుడో తగలేశాడు. బద్ధకమా అంటే, టూత్‌బ్రష్షు పట్టిన చేతిని అంత మాట అనలేం. అసలు సంగతేమిటంటే భక్తుడికి తెలిసినవి రెండే: మెరుపు, మొర. మెరిసేదాన్ని తుడుస్తాడు, మొరపెట్టేదాన్ని బాగుచేయిస్తాడు. ఇంజన్ మొరాయిస్తే ఆఫీసుకు ఆలస్యం, హెడ్‌లైటు పోతే పోలీసు ఆపుతాడు. ఫోర్కు ఆయిల్ మెరవదు, మొరపెట్టదు. చీకటి గొట్టంలో కూర్చుని నిదానంగా చెడిపోతుంది.

ఆ నిదానమే దాని నేరం. ఫోర్కులో బరువు మోయడం స్ప్రింగు పని, దాని గంతులు అణచడం నూనె పని. చక్రం గుంతలో పడ్డప్పుడు గొట్టంలోకి గొట్టం దిగుతుంది, నూనె సన్నని రంధ్రాల్లోంచి ఒరుసుకుంటూ పోవాల్సొస్తుంది, ఆ ఒరిపిడే దెబ్బను వేడిగా మార్చి మింగేస్తుంది. 1935లో బీఎండబ్ల్యూ ఆర్12కు ఇలాంటి ఫోర్కులు బిగించినప్పటి నుంచి ఈ కిటుకు పెద్దగా మారలేదు. ఏళ్లు గడిచేకొద్దీ అరిగిన బుష్షుల పొడి, చెమ్మ చేరి నూనె చెడుతుంది, పలచబడి రంధ్రాల్లోంచి నీళ్లలా జారిపోతుంది. ఇక స్ప్రింగును ఆపేవాడుండడు. స్పీడ్ బ్రేకరు దిగాక బండి గంగిరెద్దులా రెండు మూడుసార్లు తలూపుతుంది. భక్తుడికి అది పట్టదు. మార్పు నెలకింత చొప్పున వచ్చింది, ఒళ్లూ నెలకింత చొప్పున సర్దుకుంది.

సాక్ష్యం కావాలంటే ఆయన గొప్పగా చెప్పుకునే విద్యలోనే ఉంది. ఇంటి నుంచి ఆఫీసు దాకా గుంతలన్నీ కంఠోపాఠం. పాలకేంద్రం ముందు ఎడమకు, మ్యాన్‌హోలు మూత దగ్గర కుడికి, గుడి మలుపులో సీటు మీంచి కాస్త లేచి. దీనికాయన పెట్టుకున్న పేరు అనుభవం. నిజానికి నూనె మానేసిన ఉద్యోగాన్ని మోచేతులూ నడుమూ జీతం లేకుండా చేస్తున్నాయి. ఆ సంగతి రాత్రిపూట అమృతాంజనం సీసాకు తెలుసు. బ్రేకు నొక్కగానే బండి ముక్కు నేలకు వంగుతుంది, వెనక కూర్చున్నావిడ హెల్మెట్టు ఈయన హెల్మెట్టును ఠక్కున కొడుతుంది. "చూశావా, బ్రేకులెంత షార్పో!" అంటాడు.

నూనె మార్చవేమని అడిగితే జవాబులకు లోటు లేదు. "మా నాన్నగారు ఇరవై ఏళ్లు చేతక్ నడిపారు, ఒక్కసారైనా మార్చారా?" మార్చలేదు. చేతక్‌కు ఇలా గొట్టంలో గొట్టం దిగే ఫోర్కులే లేవు. చక్రానికి ఒక పక్కన లింకు, స్ప్రింగు, మూత బిగించేసిన డ్యాంపరు. లేని ఫోర్కుల్లో నూనెను నాన్నగారు మాత్రం ఎలా మారుస్తారు? "కారినప్పుడు చూద్దాంలే" అనేది రెండో వాదం. దీంట్లో కాస్త పస ఉంది, కారడం కళ్లకు కనిపించే జబ్బు కాబట్టి. కానీ సీలు తెగితే నూనె కారుతుంది. చెడడానికి సీలు తెగనక్కర్లేదు. పైగా ఆ సీలు పెదవిని కోసేది క్రోమ్ గొట్టం మీద ఎండిన బురదే. హెడ్‌లైటు తుడిచే గుడ్డ జానెడు కిందికి దిగితే సరిపోయేది. ఇక మూడోది, "మెకానిక్ చెప్పలేదే!" ఇది మాత్రం ఒప్పుకోవాల్సిందే, చెప్పడు. ముందు చక్రం ఊడదీసి ఫోర్కులు దింపాలి సార్ అంటే, ఈ సారే తనను బిల్లు పెంచే దొంగను చూసినట్టు చూస్తాడని అతనికి తెలుసు.

తీరా ఒప్పుకున్నాక అతిభక్తి మొదలవుతుంది. ఇంట్లో మిగిలిన ఇంజన్ ఆయిల్ సంచిలో పట్టుకొస్తాడు, చిక్కగా ఉంటే గట్టిగా ఉంటుంది కదా అని. ఉంటుంది, కాకపోతే మరీ గట్టిగా. నలిగిన ఫోర్కు తిరిగి లేచేలోపు రెండో గుంత వస్తుంది, మూడో గుంతకు దిగడానికి దాంట్లో జాగా మిగలదు. "పోనీ, ఓ పాతిక ఎక్కువే పొయ్యవయ్యా" అనడం ఇంకో ముప్పు. నూనె పైన మిగిలే గాలి కూడా స్ప్రింగులాంటిదే. ఆ చోటు తగ్గితే ఒత్తిడంతా సీలు మీద పడుతుంది. అందుకే పని తెలిసిన మెకానిక్ స్ప్రింగు బయటికి తీసి, గొట్టం పూర్తిగా కిందికి దించి, పై అంచు నుంచి నూనె మట్టం దాకా స్కేలు పెట్టి కొలుస్తాడు. అంతకుముందు పాత నూనె డబ్బాలోకి దిగుతుంది, బూడిదరంగు గంజిలా, కుళ్లిన చేపల కంపుతో. భక్తుడు ముక్కు మూసుకుని "ఇది నా బండిలోదేనా?" అంటాడు, పక్కనున్న బండ్లవైపు అనుమానంగా చూస్తూ.

మర్నాడు సాయంత్రానికే మళ్లీ షెడ్డు ముందు ప్రత్యక్షం. బండి మెత్తగానే పోతోందట గానీ, బ్రేకు నొక్కితే ఇదివరకులా ముక్కు వంగడం లేదట. బ్రేకులు వీకయ్యాయేమో, ఒకసారి టైటు చేసి ఇమ్మంటాడు.