దండ ఒకటే, మెడలు అనేకం

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి పటానికి వేసిన ప్లాస్టిక్ బంతిపూల దండ, సెప్టెంబర్ 5కల్లా రాధాకృష్ణన్ గారి మెడకెక్కుతుంది. నవంబర్ 14కి నెహ్రూ గారు, ఫిబ్రవరి 28కి సి.వి.రామన్ గారు. మన బడుల్లో నెల మారిందని తెలిసేది ఈ దండ వల్లే.

ఈ దినోత్సవాలను పుస్తకాలతో, సినిమాలతో జరిపితే పిల్లల బుర్రకెక్కుతాయని పెద్దలు సెలవిస్తుంటారు. మాట బంగారమే. అమలు దగ్గరే పంతులు గారికి ఆయాసం వస్తుంది.

తెలుగు భాషా దినోత్సవమే చూడండి. వాడుక భాష కోసం పండితులతో జీవితమంతా తగువు పడ్డ గిడుగు వారి మీద ఓ బడిలో ఒక పిల్లాడు గ్రాంథికంలో, ఊపిరి తీసుకోకుండా, బట్టీ ప్రసంగం అప్పజెప్పాడు. చప్పట్లు. పర్లాకిమిడి బడిలో మాస్టరీ చేస్తూ ఆయన సవర భాష నేర్చుకున్నారనీ, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారనీ ఆ ప్రసంగంలో లేదు. ఆ వాచకాల కథ చదివి వినిపిస్తే సరిపోయేది. కానీ చదువుతున్న పిల్లలు ఫోటోలో బాగా పడరు. అందరి తలలూ కిందికే ఉంటాయి.

ఇక నవంబర్ 14. బాలల దినోత్సవమూ ఆ రోజే, గ్రంథాలయ వారోత్సవాల మొదలూ ఆ రోజే. పొద్దున సినిమా, మధ్యాహ్నం పుస్తకం అని ప్రణాళిక.

సినిమా 'బాలరామాయణం'. గుణశేఖర్ తీసింది, 1997లో వచ్చింది, ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. తెర మీద ఆ బుల్లి రాముడు జూనియర్ ఎన్టీఆరేనని తెలిసేసరికి క్లాసంతా ఈలలు. "సార్, రావణుడు కూడా మా ఈడువాడేనా?" అని వెనక బెంచీ నుంచి ప్రశ్న. పాఠం మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు ఏ మాస్టారికి దొరుకుతుంది! అప్పటికే ఫోటో గ్రూపులో పడిపోయింది గనుక టీవీ కట్టేశారు. లెక్కల సారు గుమ్మంలో నిలబడి ఉన్నారు, సిలబస్ మిగిలిపోయిందట.

మధ్యాహ్నం వక్త గారు గ్రంథాలయోద్యమానికి పాటుపడ్డ అయ్యంకి వెంకటరమణయ్య గారి గురించి, 1914లో బెజవాడలో జరిగిన గ్రంథాలయ మహాసభ గురించి గంట మాట్లాడారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించి, కాలువ వెంట పల్లెపల్లెకూ పంపారని చెబుతూ ఆయన గొంతు గద్గదమైంది. ఆయన వెనకే అద్దాల తలుపుల ఇనప బీరువా. దానికి తాళం. తాళంచెవి సెలవులో ఉన్న తెలుగు మేడం దగ్గర.

బీరువా తెరవకపోవడానికీ న్యాయమైన కారణం ఉంది. ఒక్క పుస్తకం పోయినా స్టాక్ రిజిస్టర్‌లో లెక్క చెప్పాలి, లేదంటే జీతంలో కోత పడుతుందని మాస్టర్ల భయం. చెదపురుగులకు ఏ రిజిస్టరూ లేదు కాబట్టి అవి నిర్భయంగా చదువుకుంటున్నాయి.

అన్నట్టు ఆ బడి వరండాకు ఈ మధ్యే రైలుపెట్టెలా రంగులేయించారు. కిటికీలు, చక్రాలు, బోగీ నంబరు, అన్నీ చక్కగా కుదిరాయి. రైలు పెట్టెల్లో పాఠాలు జరిగిన జపాను బడి కథ, 'తొత్తో-చాన్'కి తెలుగు 'రైలుబడి', ఆ బీరువాలోనే రెండో అరలో ఉంది. అద్దంలోంచి అట్ట కనబడుతుంది. ఏడో తరగతి పిల్ల ఒకత్తి రోజూ ముక్కు ఆనించి చూస్తుంటుంది.

"సార్, ఆ రైలు పుస్తకం ఒకసారి ఇస్తారా?" అని వారోత్సవాల్లోనే అడిగింది.

"ఇప్పుడు ఖాళీ ఎక్కడమ్మా, వారోత్సవాల హడావుడి! అయిపోయాక అడుగు."

నవంబర్ 21న అడిగింది.

"వారోత్సవాలు అయిపోయాయి కదమ్మా, ఇంకా పుస్తకాలేంటి?"