మణికట్టు జ్యోతిషులకు జోహార్లు

ఇంటర్వ్యూ బల్లకు అవతల కూర్చునే మహానుభావులారా, చూపంటే తమరిదే చూపు! మా మన్సూరాబాద్ పిల్ల డిగ్రీ మార్కులు, రెండేళ్ల అనుభవ పత్రం పట్టుకుని వస్తే, ఆ కాగితాల జోలికే పోరు. మణికట్టు మీది సీతాకోకచిలుక పచ్చబొట్టును ఒక్కసారి చూసి, పిల్ల ఎలాంటిదో, ఉద్యోగంలో ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పేస్తారు. రోడ్డు పక్క జ్యోతిషుడికి కనీసం చిలకైనా కావాలి, తమరికి అదీ అక్కర్లేదు. పైగా ఎంత మర్యాద! "మాకేం అభ్యంతరం లేదమ్మా, కస్టమర్లే ఏమైనా అనుకుంటారేమోనని..." అంటారు. ఆ కస్టమర్లను అడిగిన పాపాన మాత్రం పోరు.

తమరి విచక్షణ ఇంకా గొప్పది. గుంటగలగరాకు పసరుతో అమ్మమ్మ పొడిపించుకున్న పచ్చబొట్టు సంప్రదాయం. విరాట్ కోహ్లీ చేతినిండా ఉన్నది స్టైలు. ఆయన సెంచరీ కొడితే ఆఫీసులో స్వీట్లు పంచుతారు. పాతికవేల జీతం అడిగిన పిల్ల చేతి మీద ఉంటే మాత్రం అది క్రమశిక్షణ లేకపోవడం. ఎదుటివాళ్ల సంపాదనను బట్టి సిరా రంగు మారుతుందని కనిపెట్టింది తమరే.

సర్కారువారు తమరిని మించిపోయారు, ఏమీ అనుకోకండి. కేంద్ర సాయుధ బలగాల వైద్య పరీక్షల్లో దేవుడి బొమ్మైనా, పేరైనా ఒప్పుకుంటారు. కానీ ముంజేతి మీదైతే ఎడమచేతి లోపలివైపే ఉండాలి, సెల్యూట్ కొట్టేది కుడిచెయ్యి కదా! సైజు ఆ భాగంలో నాలుగోవంతు దాటకూడదు. అంటే ఆంజనేయస్వామి ఎడమచేతి మీదుంటే భక్తి, కుడి ముంజేతికి దూకితే అన్‌ఫిట్. అందుకే దిల్‌సుఖ్‌నగర్ కోచింగులకు వచ్చే పిల్లలకు సీనియర్ల మొదటి ప్రశ్న, "ఏ చెయ్యికి ఏయించుకున్నవ్ తమ్మీ?" కుడిచెయ్యి అన్నవాడు లేజర్ క్లినిక్కు వెతుక్కోవాలి. నల్లసిరా కాస్త తొందరగా లొంగుతుంది, పచ్చరంగు మొండికేస్తుంది. వారాల ఎడంతో మళ్లీ మళ్లీ కాల్పించుకోవాలి. వేయించుకున్న ఖర్చు దాని ముందు ఏపాటిది? కాటిదాకా వెంట వచ్చేది పచ్చబొట్టొక్కటేనని నమ్మిన అవ్వలకు వైద్య పరీక్షల సంగతి తెలియదు, పాపం.

ఎయిర్ న్యూజిలాండ్ వాళ్లు 2019 సెప్టెంబరు నుంచి సిబ్బంది పచ్చబొట్లు బయటికి కనిపించినా ఫర్వాలేదన్నారు. అక్కడి ఆదివాసులైన మావోరీలకు అది వంశచరిత్ర. విమానాలు మాత్రం ఎప్పట్లాగే ఎగురుతున్నాయి. తమరి చూపులో నాలుగోవంతైనా వాళ్లకు లేదు, అదీ సంగతి.

తమరి చలవ వల్ల బాగుపడినవాళ్లూ ఉన్నారు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్‌సిటీకి వెళ్లే గుంపులో మే నెల ఎండకు కూడా నిండు చేతుల కుర్తాలు ఎన్ని! కుట్టేవాళ్లకు చేతినిండా పని. మా పిల్లా తెలివి తెచ్చుకుంది. ఈమారు వెడల్పు పట్టా ఉన్న వాచీ కొని, సీతాకోకచిలుకను దాని కింద పడుకోబెట్టి, తమబోటి పెద్దల దగ్గరకే ఇంకో ఆఫీసుకు వెళ్లింది. వాళ్లు అవే మార్కులు, అదే అనుభవ పత్రం చూసి వెంటనే తీసుకున్నారు. మొన్న మీటింగులో అందరి ముందూ మెచ్చుకున్నారట కూడా, ఈ కాలంలో ఇంత పద్ధతైన పిల్ల ఎక్కడ దొరుకుతుందని.