రా ఫైల్ మడి, జేపెగ్ మైల

కొత్త కెమెరా కొన్నవాడికి మెనూ తెరవగానే ఎదురయ్యే మొదటి చిక్కుముడి ‘ఇమేజ్ క్వాలిటీ’. నికాన్ అయితే అక్కడ రా, రా ప్లస్ ఫైన్, ఫైన్, నార్మల్, బేసిక్ అంటూ పెద్ద వరసే ఉంటుంది. ఇందులో ఏది పెట్టుకోవాలో అని పైకి అనడం ఆలస్యం, మెడలో రెండు కెమెరాలు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన పక్కన ప్రత్యక్షమవుతాడు. ఆదివారం పొద్దున్నే చార్మినార్ చుట్టూ తిరిగే ఫోటోవాక్ గుంపులో ఇలాంటివాడు ఒక్కడైనా ఉండి తీరతాడు. ‘జేపెగ్‌లో తీస్తున్నావా తమ్ముడూ?’ అని అడుగుతాడు. తద్దినం రోజున పిల్లాడు ఉల్లిపాయ పకోడీ తింటూ దొరికిపోతే పెద్దవాళ్ళ మొహంలో కనిపించే జాలి ఆ మొహంలో కనిపిస్తుంది.

ఈ మడికట్టుకున్న వర్గం సిద్ధాంతం చాలా చిన్నది. అసలైన ఫోటోగ్రాఫర్ రా ఫైల్ తప్ప ముట్టడు. జేపెగ్ అంటే టూరిస్టులకీ, మేనమామలకీ, పాస్‌పోర్ట్ ఫోటోల వాళ్ళకీ. ఫోటోలో ఏముంది, వెలుగు ఎటు నుంచి పడింది, మనిషి కళ్ళు మూశాడా తెరిచాడా అన్నవి తర్వాతి సంగతులు. ముందు ఫైల్ పేరు చివర ఎన్‌ఈఎఫ్ అనో సీఆర్3 అనో ఏఆర్‌డబ్ల్యూ అనో ఉండాలి. అది జంధ్యం.

ఇంతకీ ఆ రా ఫైల్‌లో ఏముందో చూద్దాం. కెమెరా సెన్సార్‌కి రంగులు తెలియవు, వెలుగు ఎంతో మాత్రమే తెలుసు. అందుకని కొడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ పిక్సెళ్ళ మీద రంగు ఫిల్టర్ల గళ్ళు పరిచే పద్ధతి కనిపెట్టాడు. దానికి 1976లో పేటెంటు వచ్చింది. సగం పిక్సెళ్ళకు ఆకుపచ్చ, పావువంతుకు ఎరుపు, మిగిలిన పావువంతుకు నీలం. నేటికీ చాలా కెమెరాల్లో ఉన్నది ఇదే. అంటే ఒక్కో పిక్సెల్ చూసేది ఒక్క రంగే. తక్కిన రెండు రంగులనూ ఇరుగు పొరుగు పిక్సెళ్ళను చూసి లెక్కగట్టాలి. ఆ లెక్క ఇంకా మొదలుపెట్టని అంకెల పట్టికే రా ఫైల్. ఆ పట్టికను ఎవరూ ‘చూడలేరు’. ఏదో ఒక సాఫ్ట్‌వేర్ దానికి అర్థం చెబితేనే బొమ్మవుతుంది.

మరి భక్తుడు కెమెరా వెనక తెరమీద చూసి ‘ఆహా, రా ఫైల్ అంటే ఇదీ’ అని మురిసిపోయే బొమ్మ ఏది? జేపెగ్. రా ఫైల్ పొట్టలోనే కెమెరా ఒక జేపెగ్‌ను దాచిపెడుతుంది, తెరమీద చూపించేది దాన్నే. వెలుగు సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఆయన కళ్ళజోడు సర్దుకుని మరీ పరీక్షించే హిస్టోగ్రామ్ కూడా సాధారణంగా ఆ జేపెగ్ లెక్కదే. మైల వస్తువు గర్భగుడిలోనే కూర్చుని ఉంది, పూజారికి కబురందలేదు.

తర్వాత అంకెల పారాయణం మొదలవుతుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకీ 8 బిట్లు, అంటే 256 మెట్లు. 14 బిట్ల రా ఫైల్‌లో 16,384 మెట్లు. వినేవాడికి కళ్ళు తిరగాల్సిందే. అయితే పారాయణంలో ఒక శ్లోకం ఎప్పుడూ ఎగిరిపోతుంది. రా ఫైల్ వెలుగును ఉన్నదున్నట్టు కొలుస్తుంది కాబట్టి ఆ 16,384 మెట్లలో సగం, అక్షరాలా 8,192, అన్నిటికంటే వెలుగున్న ఒక్క స్టాప్‌కే (వెలుగు రెట్టింపయ్యే ఒక్కో అంచెకు స్టాప్ అని పేరు) ఖర్చయిపోతాయి. ఆ తర్వాతి స్టాప్‌కి మిగిలినవాటిలో సగం. అలా చీకటి వైపు దిగేకొద్దీ మెట్లు అరిగిపోతూ వస్తాయి. జేపెగ్ తన 256 మెట్లను మనిషి కన్ను తేడా పట్టగలిగే తీరుకు దగ్గరగా పంచుకుంటుంది. కాబట్టి 16,384ను 256తో భాగించి ‘64 రెట్లు నాణ్యత’ అని ప్రకటించడం లెక్క కాదు, పురాణం.

రా ఫైల్‌లో ఎక్కువ సమాచారం ఉన్నమాట మాత్రం నిజం. కల్యాణ మండపంలో ఒకపక్క పసుపుపచ్చ హాలోజన్ దీపాలు, మరోపక్క డీజే కుర్రాడు తిప్పే ఊదారంగు ఎల్‌ఈడీలు, వీటి మధ్య పెళ్ళికూతురు మొహం ఏ రంగులో ఉండాలో కెమెరాకి ఏం తెలుస్తుంది? జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో ఫ్లాష్ వెలగకపోతే ‘మళ్ళీ ఒకసారి పెట్టండి బాబూ’ అనడానికి పురోహితుడు ఒప్పుకోడు. అప్పుడు నీడలను పైకి లాగడానికీ, తెల్లగా మండిపోయేలా ఉన్న జరీ అంచును కొంతైనా కాపాడుకోవడానికీ, వైట్ బ్యాలెన్స్‌ను తీరిగ్గా ఇంటికొచ్చి సరిచేసుకోవడానికీ రా ఫైల్ ఇచ్చే వెసులుబాటు జేపెగ్ ఇవ్వలేదు. దీన్ని కాదనేవాడు పెళ్ళి ఫోటోలు తీసి ఉండడు.

కానీ ఆ వెసులుబాటును వాడాలి కదా!

ఒక పెళ్ళికి మూడు వేల ఫోటోలు తీశారనుకుందాం. ఫైల్‌కి 30 మెగాబైట్ల చొప్పున 90 గిగాబైట్లు. వాటన్నిటినీ కంప్యూటర్‌లో పోసి, కొనుక్కున్న ఒక ప్రీసెట్‌ను ఒకే నొక్కుతో మూడు వేలకూ పులిమేసి, జేపెగ్‌గా ఎగుమతి చేసి, ఆల్బమ్ ల్యాబ్‌కి పంపిస్తారు. కెమెరాలో చిప్ కన్నుమూసి తెరిచేలోగా చేసే పనిని, రాత్రంతా కంప్యూటర్ ఫ్యాను హోరులో మళ్ళీ చేశారన్నమాట. ఏ ఫోటోకి ఆ ఫోటో విడిగా చూసుకుని దిద్దే ఓపికున్నవాళ్ళు లేకపోలేదు. వాళ్ళకి రా ఫైల్ పనిముట్టు. మిగతావాళ్ళకి కొటేషన్‌లో ఒక వరస: ‘పూర్తిగా రాలో షూట్ చేయబడును’.

ఆ వరస చదివిన పెళ్ళికూతురు బాబాయి ఊరుకుంటాడా? ‘డబ్బులు పూర్తిగా కట్టాం, రా ఫైళ్ళన్నీ మాకిచ్చెయ్యాలి’ అని పట్టుబడతాడు. హార్డ్ డిస్క్ చేతికొస్తుంది. ఇంటికెళ్ళి తెరిస్తే కంప్యూటర్ ‘ఈ ఫైల్ దేనితో తెరవమంటారు?’ అని ఎదురడుగుతుంది. మేనల్లుడు ఏదో సాఫ్ట్‌వేర్ ఎక్కించి తెరిస్తే, ఆల్బమ్‌లో మెరిసిన అమ్మాయి ఇక్కడ వెలవెలబోయి కనిపిస్తుంది. ‘వీడు మంచివి దాచుకుని పాడైనవి ఇచ్చాడు’ అని బాబాయి తేల్చేస్తాడు. డిస్క్ బీరువాలో పట్టుచీరల కింద చేరుతుంది. పాతికేళ్ళ పెళ్ళిరోజుకి దాన్ని తెరిచే తీగ దొరుకుతుందో లేదో ఎవరూ అడగరు.

ఇక ఇంత ఏవగింపుకు నోచుకున్న జేపెగ్ పుట్టుపూర్వోత్తరాలు. బెంగళూరులో పుట్టి అమెరికాలో ప్రొఫెసర్ అయిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావులతో కలిసి 1974లో డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ అనే గణిత పద్ధతిని ప్రచురించాడు. అంతకు రెండేళ్ళ ముందు ఈ పరిశోధనకు డబ్బు కావాలని అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను అడిగితే దరఖాస్తు తిరిగొచ్చింది. పరిశీలకుల్లో ఒకరికి ఆ ఆలోచన మరీ సులువుగా అనిపించిందట. 1992లో ఖరారైన జేపెగ్ ప్రమాణానికి వెన్నెముక ఆ సులువైన ఆలోచనే. బొమ్మను 8 అడ్డం, 8 నిలువు పిక్సెళ్ళ గళ్ళుగా కోసి, కన్ను పట్టించుకోని సూక్ష్మమైన తేడాలను వదిలేసి, మిగతాది దాచుకుంటుంది. ఎంత వదలాలో చెప్పేదే ఫైన్, నార్మల్, బేసిక్. నికాన్ లెక్కలో ఇవి సుమారుగా నాలుగో వంతు, ఎనిమిదో వంతు, పదహారో వంతు. మడివర్గం తిట్టేటప్పుడు బేసిక్‌ను తిడుతుంది, శిక్ష ఫైన్‌కి వేస్తుంది. బేసిక్‌లో తీసి, మళ్ళీ మళ్ళీ సేవ్ చేసి, గళ్ళు పైకి తేలాక ‘చూశారా జేపెగ్ నిర్వాకం’ అని చూపిస్తుంది. ఫైన్‌లో తీసి ఒక్కసారి దిద్దిన ఫోటో అచ్చును ఎదురుగా గోడకి పెట్టి ఇది ఏ ఫార్మాట్ అని అడిగితే మాత్రం గొంతు సవరించుకుంటుంది.

‘సీరియస్‌గా పనిచేసేవాళ్ళు జేపెగ్ వాడరు’ అనే వాక్యం విన్నప్పుడల్లా 2015 నవంబరును గుర్తు చేసుకోవాలి. రాయిటర్స్ వార్తాసంస్థ తన ఫ్రీలాన్స్ ఫోటోగ్రాఫర్లకు ఒక ఆదేశం పంపింది. రా ఫైల్ నుంచి తయారుచేసిన ఫోటోలు మాకొద్దు, కెమెరాలో జేపెగ్‌గా పుట్టినవే పంపండి, కత్తిరించడం, వెలుగు సరిచేయడం లాంటి స్వల్ప మార్పులకు మించి చేయొద్దు, కావాలంటే రా ఫైల్ పక్కన తీసి దాచుకోండి అని దాని సారాంశం. కారణాలు రెండు: వేగం, వార్తలో చూపించేది జరిగినదాన్ని తప్పకుండా ఉండటం. యుద్ధాలూ భూకంపాలూ ప్రపంచకప్పులూ తీసేవాళ్ళంతా ఒక్క ఈమెయిల్‌తో మైలపడిపోయారు. రా అంటే నిజాయితీ అనుకునేవాళ్ళకు ఇంకో సంగతి. అదే సంవత్సరం వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో చివరికి ముందు వడపోతకు చేరినవాటిలో దాదాపు ఐదో వంతు ఫోటోలను, అసలు ఫైళ్ళతో పోల్చి చూశాక, హద్దు దాటి దిద్దారని పక్కన పెట్టేశారు. చెయ్యి కడుక్కోవాల్సింది ఫైల్ కాదు, మనిషి.

ఈ సంప్రదాయానికి ఉపశాఖలు కూడా ఉన్నాయి. ఒకటి ‘డీపీఐ’ (అంగుళానికి ఎన్ని చుక్కలు) శాఖ. కానన్ కెమెరా ఫైల్ వివరాల్లో 72 డీపీఐ అని రాసి ఉంటుంది, నికాన్‌లో 300 అని ఉంటుంది. 72 చూసి గుండె ఆగిపోయిన కుర్రాళ్ళు, 300 చూపించి మీసం మెలేసిన మామయ్యలు చాలామందే. నిజానికి అది ఫైల్‌కి తగిలించిన చీటీ మాత్రమే. 6000 నిలువు 4000 అడ్డం పిక్సెళ్ళున్న ఫోటో ఆ చీటీలో ఏ అంకె ఉన్నా అదే ఫోటో, 300 డీపీఐలో వేస్తే 20 అంగుళాలకు సుమారు 13 అంగుళాలు వస్తుంది. మరొకటి ‘అడోబీ ఆర్‌జీబీ’ శాఖ. 1998లో వచ్చిన ఆ రంగుల పరిధి పెద్దదని ఎవరో చెప్పగా విని మెనూలో దాన్ని ఎంచుకుంటారు. రంగుల వివరాన్ని పట్టించుకోని తెర మీద అదే ఫోటో పులిహోరలో పసుపు మరిచిపోయినట్టు పాలిపోతుంది. అప్పుడు తప్పు ల్యాబ్ వాడిది.

ఈ తిరునాళ్ళలో కొత్తగా దుకాణం పెట్టింది ఫోన్. ఆపిల్ 2020 చివర్లో ఐఫోన్ 12 ప్రోలో ‘ప్రోరా’ అనే సౌకర్యం ఇచ్చింది. 2022లో ఐఫోన్ 14 ప్రోతో అది 48 మెగాపిక్సెళ్ళకు పెరిగింది. ఆపిల్ చెప్పే లెక్క ప్రకారమే ఒక్కో ఫైల్ సుమారు 75 మెగాబైట్లు. తమాషా ఏమిటంటే, అందులో ఫోన్ అప్పటికే చాలా ఫ్రేములను కలిపేసి, నాయిస్ తగ్గించి, రంగులు లెక్కగట్టేసి ఉంటుంది. బేయర్ గళ్ళ అంకెలు అందులో వెతికినా దొరకవు. పేరులో ‘రా’ ఉంది, వంట సగం పైగా అయిపోయింది. అయినా మెనూలో ఆ స్విచ్ కనిపించగానే వేలు దానంతటదే వెళ్ళి నొక్కేస్తుంది. అక్కణ్ణుంచి హోటల్ బిర్యానీ 75 మెగాబైట్లు, ఫ్రిజ్ మీద ఈఎంఐ కాగితం 75 మెగాబైట్లు, పార్కింగ్‌లో బండి ఎక్కడ పెట్టామో గుర్తుకోసం తీసిన స్తంభం 75 మెగాబైట్లు. నెల తిరక్కుండానే ‘స్టోరేజ్ నిండింది’ అని ఫోన్ మొరపెట్టుకుంటుంది. క్లౌడ్‌కి నెలనెలా కప్పం మొదలవుతుంది.

ఇన్ని పాట్లూ పడి తీసిన ఆ ఫోటో చివరికి చేరేది కుటుంబం వాట్సాప్ గ్రూపుకే. అక్కడ అది కుదించుకుపోయి, ఎవరినీ అడక్కుండా జేపెగ్ అయిపోయి, అత్తయ్య ఫోన్‌లో అరచేతంత తెరమీద తెరుచుకుంటుంది. ‘బాగుందిరా, కానీ నన్ను మరీ లావుగా తీశావు’ అని ఆవిడ జవాబిస్తుంది. దాన్ని సరిచేసే సెట్టింగ్ ఏ కంపెనీ మెనూలోనూ ఇంకా రాలేదు.